కఱవుకాలమున ఇల్లాలు

దసరా నవరాత్రులకు దగిన పిండివంటలను గూర్చి ఈ మాసమున వ్రాయుదునని వెనుకటి సంచికలో మాట యిచ్చితిని. ఆ మాట చెల్లింపలేకపోవుచున్నందులకు మన్నింపుడు. కాగితమును కలమును ముందిడుకొని కూర్చుండిన దినములలోనే మా యింటి ముంగిట నొక సంగతి జరిగినది. అది మనసున మెదలుచుండగా పాకము పట్టుటను గూర్చి వ్రాయుటకు నాకు చేయి రాలేదు. కావున ఈమాఱు వంటయింటిని విడిచి, ఆ వంటయింటికి గింజయు నీరును పంపు పల్లెను గూర్చి నాలుగు మాటలు విన్నవించెదను.

మావారు బడిపంతులు. అనంతపురపు సీమలో నొక చిన్నపల్లెకు మేము కాపురము వచ్చి తొమ్మిదేండ్లు గడచినవి. వచ్చిననాటినుండియు మాకు ఒకే ఆమె పాలు పోయుచుండెను. రెండావులు, మూడెకరముల మెట్ట, భర్త, అత్త, ఇద్దఱు బిడ్డలు: ఇది యామె సంసారము. పెద్దది ఆడుపిల్ల. మావారి బడిలో ఎనిమిదవ తరగతి చదువుచున్నది. లెక్కలలో ఆ పిల్లకు సాటివచ్చువారు తరగతిలో లేరని మావారు పలుమాఱు చెప్పుచుందురు.

మొన్నటి వేసవిలో పాలు పలుచబడుట చూచి నే నామెను గద్దించితిని. "నీళ్ళు కలుపుట ఎప్పటినుండి నేర్చితివి?" అని నోరు జాఱితిని. ఆమె కోపింపలేదు. పాలచెంబు గడపమీద నుంచి, "అయ్యోరమ్మా, పాలల్లో కలిపేకి నీళ్ళు యాడుండాయమ్మా?" అని మాత్రము నవ్వి పోయినది. ఆ నవ్వు ఆ రాత్రి నన్ను నిదుర పోనీయలేదు. మఱునాడు విచారింపగా తెలిసినది. ఊరిబోరు ఎండినది. నీళ్ళబండి రెండు దినముల కొకమాఱు వచ్చుచున్నది. ఏ వేళకు వచ్చునో యెవరికిని తెలియదు. ఆమె వేకువన మూడు గంటలకు లేచి, మైలున్నర దూరమున నున్న తోటకు పోయి, తోటవారి దయ కనిపెట్టుకొని, నాలుగు బిందెలు మోసి తెచ్చుకొనుచున్నది. అందు రెండు బిందెలు ఆవులకు. కడుపునిండ మేత లేని ఆవు పాలలో వెన్న యెక్కడనుండి వచ్చును? నా కుళాయిలో దినమునకు అరగంటయైనను నీరు వచ్చుచుండుటచేత, ఊరిలో నీరు లేదన్న సంగతి నాకు పాలచెంబు చెప్పవలసివచ్చినది.

భాద్రపదము తుదిలో ఆమె యొకనాటి సాయంకాలము చెంబు లేకయే వచ్చినది. ఆవులను సంతలో అమ్మివేసితిమనియు, బాకీ లెక్క చూచి తీర్చమనియు చెప్పినది. మెట్టలో వేసిన వేరుశనగ పూతకు వచ్చి, ఊడ దిగు వేళకు వాన మొగము చాటుచేయగా మాడిపోయినది. బెంగుళూరులో మేడలు కట్టుచోట భార్యాభర్త లిద్దఱికిని పని కుదిరినది. ముసలియత్త ఇంటనే యుండును. "మఱి పిల్ల?" అని అడిగితిని. "చిన్నోన్ని చూసుకునేకి ఒకరుండల్ల కదమ్మా" అనినది. పిమ్మట కొంగు వ్రేలికి చుట్టుకొనుచు కొంతసేపు నిలిచి, "పాప మీ యింట్లో ఓ మూల పండుకుంటాదమ్మా, పరీక్షలయ్యేవరకూ..." అని సగములో ఆపినది.

నేను "అయ్యవారితో ఆలోచించి రేపు చెప్పెదను" అంటిని. ఎదిగిన ఆడుపిల్ల, పరుల బిడ్డ, ఏదైన జరిగినచో మాట మాకు వచ్చును, ఇట్టివి నా భయములు. మావారు విని, "భారము నీపైన బడునది, నిర్ణయము నీదే" అనిరి. రాత్రి యెల్ల తలపోసి, ఉంచుకొందమని నిశ్చయించుకొని, తెల్లవాఱగనే వారి యింటికి పోతిని. అరుగుమీద అత్తగారు ఒంటిగా కూర్చుండియున్నది. కోడికూతకు ముందే మేస్త్రీ బండి వచ్చినదట, అందఱును ఎక్కిపోయిరట. "ఇవి బడికాడ ఇచ్చేయమనె పాప" అని పుస్తకముల సంచి నా చేతికిచ్చినది. ఆ సంచి ఇప్పుడు మా యింటి గూటిలో నున్నది. దానిని చూచుచునే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

ఈ సీమకు కఱవు క్రొత్త కాదు. పడమటి కనుమలు నైరృతి మేఘములను అడ్డగించి కడుపునిండ కురిపించుకొనగా, మిగిలినది మాకు వచ్చును. ఈశాన్యపు వానలు సముద్రతీరమున కురిసి కురిసి, అలసి మాకడకు చేరును. ఏడాది మొత్తమున మాకు కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఆంధ్రప్రదేశపు సగటు 900 దాటును. పూర్వులు కఱవులను సంవత్సర నామములతో జ్ఞాపకముంచుకొనిరి. 1832-33 నాటిది నందన కఱవు. 1876-77 నాటిది ధాత కఱవు. ధాత కఱవులో దక్షిణదేశమున లక్షలకొలది జనము మడిసిరి. భారతములోని శాంతిపర్వమున పండ్రెండేండ్ల అనావృష్టిలో విశ్వామిత్రుడంతవాడు ఆకలికి తాళలేక కుక్కమాంసమునకు చేయి చాచిన కథ కలదు. తపోధనునికే అట్టి గతి పట్టినపుడు, బిడ్డలుగల తల్లిని తప్పుపట్టువా రెవరు?

ఐనను నేటి కఱవునకును నాటి కఱవునకును భేదము కలదు. మన పెద్దలు కార్తెలనుబట్టి సేద్యము చేసిరి. రోహిణిలో ఎండ మండవలెను, మృగశిరలో చల్లబడవలెను, ఆరుద్ర పునర్వసులలో విత్తవలెను. ఇప్పుడు ఆ లెక్క తప్పుచున్నది. మా పల్లెరైతులు మృగశిరలో తొలకరి చూచి విత్తుదురు, పిమ్మట నెలదినములు చినుకు రాలదు, మొలక మాడును. అప్పుచేసి రెండవమాఱు విత్తుదురు. అది పూతకు వచ్చునప్పటికి మఱల ఎండ. తుదకు చేతికందిన నాలుగు కాయలు పీకి ఆరబోసిననాడు, అక్కఱలేని వాన కుండపోతగా గురిసి, కాయను కుళ్ళబెట్టి కట్టెను బూజు పట్టించును. వానలెక్క వ్రాయు అధికారులు ఏడాది మొత్తము కూడి "సగటు వాన కురిసినది" అందురు. ఆకలిగొన్నవానికి పదిదినములు పస్తులుంచి పదునొకండవనాడు పదిదినముల యన్నము వడ్డించినచో, లెక్క సరిపోవును గాని మనిషి బ్రదుకునా?

ఇది మా యొక్క పల్లె మాట మాత్రము కాదు. 2020లో కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వశాఖవారు ప్రకటించిన గ్రంథములో, 1951 మొదలు 1980 వఱకు గల కాలముతో పోల్చినచో 1981 మొదలు 2011 వఱకు వానకారులో వాన లేని దినముల వరుసలు నూటికి 27 వంతులు హెచ్చినవని కలదు. 2023 ఆగస్టు మాసము 1901 నుండి గల లెక్కలలో దేశమున కెల్ల మిక్కిలి ఎండుపోయిన ఆగస్టు. అట్లని వెల్లువలు తగ్గినవా? 2021 నవంబరులో, మాకు పొరుగైన నాటి కడప జిల్లాలో, చెయ్యేటిపైనున్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి దిగువనున్న పల్లెలను ముంచినది. ఎండయు వరదయు ఒకే సీమ మీద పగబట్టినట్లున్నవి.

దీనికి హేతువు నాకు బోధపడిన రీతిని చెప్పెదను. బొగ్గు, రాతినూనె మొదలైనవి కాల్చుటచే బొగ్గుపులుసుగాలి పుట్టును. అది ఎండవేడిమిని భూమిమీదినుండి పైకి పోనీయక కొంత ఆపివేయును. అన్నపుగిన్నెకు మూత పెట్టినట్లు. యంత్రపరిశ్రమలు పుట్టకమునుపు పదిలక్షల పాళ్ళ గాలిలో ఈ వాయువు 280 పాళ్ళుండెడిది. నేడు 420 పాళ్ళు దాటినది. తత్ఫలముగా భూమి వేడి పెరిగినది. అప్పటి కాలముకంటె ఒకటిన్నర డిగ్రీలు మించి వేడెక్కిన మొదటి సంవత్సరము 2024. డిగ్రీ యనగా స్వల్పమే యని తోచును. కాని గాలి ఒక్క డిగ్రీ వేడెక్కినచో నూటికి ఏడువంతులు అధికముగా నీటియావిరిని పట్టుకొనగలదు. చిన్నకడవ త్వరగా నిండి కొంచెము కొంచెము పొరలును. పెద్దకడవ నిండుటకు చాలకాలము పట్టును, నిండినపిమ్మట ఒక్కపెట్టున బోర్లపడును. మన వానలు పెద్దకడవ వానలైనవి. ఆ బొగ్గును కాల్చినవారిలో మా పాలామె వంతు ఎంత? ఆమె యింట వెలుగు దీపములు రెండు. శిక్ష మాత్రము మొదట ఆమెకే.

అయితే దోషమంతయు ఆకాశముపై మోపుట న్యాయము కాదు. మన చేతులారా చేసికొన్నదియు కలదు. భారత సభాపర్వమున నారదుడు ధర్మరాజును, నీ రాజ్యమున చెఱువులు నిండియున్నవా, సేద్యము వానదేవునిపైననే ఆధారపడక సాగుచున్నదా యని అడుగును. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతి చెప్పుచు, చెఱువులు కాలువలు కల్పించుట రాజునకు అర్థమును ధర్మమును పెంచునని తెలిపెను. చెప్పుటయేకాక ఆ వంశములకు ముందువారు చేసిచూపిరి. కడపసీమలోని పోరుమామిళ్ళ చెఱువును 1369లో బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కట్టించెను. వేయిమంది కూలీలును నూఱు బండ్లును రెండేండ్లు పనిచేసినట్లు ఆ చెఱువు శాసనము చెప్పుచున్నది. మంచి చెఱువునకు పండ్రెండు అంగములు, ఆఱు దోషములు అందు చెప్పబడినవి. నీరు కొంచెముగా నుండి పాఱవలసిన నేల మిక్కుటముగా నుండుట ఆ దోషములలో నొకటి. ఆఱువందల యేండ్ల క్రిందటివారు ఎఱిగిన ఆ దోషమునే మనము నేడు సీమసీమకంతయు చేసికొంటిమి.

ఎట్లన్న, కపిల బావులనాడు ఎద్దులు అలసినప్పుడు తోడుట ఆగెడిది; ఆ వేళకు బావిలో నీరు మఱల ఊఱెడిది. బోరుయంత్రమునకు అలసట లేదు. ఒకరు మూడువందల అడుగులు త్రవ్వింప పొరుగువారు ఐదువందలు, వారిని చూచి వేఱొకరు ఏడువందలు. నీరు పడినవాడొకడైన, పడక అప్పుల పాలైనవారు పలువురు. ఈ పోటీని అదుపుచేయుటకు 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు శాసనము చేసిరి గాని, పాతాళమున జరుగు దొంగతనమును పట్టువా రెవరు? ఇక పైరు మాట. ఒకప్పుడు ఈ మెట్టలలో జొన్న, కొఱ్ఱ, సజ్జ, అరిక, కంది, అలసంద, ఉలవ కలిపి విత్తెడివారు. ఒకటి పోయినను ఒకటి దక్కెడిది. మనిషికి గింజ, గొడ్డునకు చొప్ప, నేలకు ఎఱువు. వేరుశనగ రొక్కము తెచ్చునని అందఱును దానినే విత్తిరి. ఉమ్మడి అనంతపురము జిల్లాలో అది లక్షలకొలది హెక్టార్లలో ఒంటిపైరుగా నిండిపోయినది. నూఱు నూటపది దినముల పంటకు ఊడ దిగు పక్షము దినములలో వాన తప్పినచో, అప్పును తప్ప వేఱేమియు మిగులదు.

సోదరీమణులారా! అనంతపురపు చెఱువును గూర్చిన ముసలమ్మ కథను మీలో పలువురు చదివియుందురు. కట్టమంచి రామలింగారెడ్డిగారు దానిని "ముసలమ్మ మరణము" అను కావ్యముగా రచించిరి. చెఱువుకట్టకు గండి పడగా, ఊరు మునుగకుండుటకై ఆ యింటి కోడలు గండిలో దిగి ప్రాణమిచ్చిన కథ అది. చిన్ననాడు మా నాయనగారు ఆ కథ చెప్పగా నేను ఆమె త్యాగమునకు కన్నీరు కార్చితిని. ఇప్పుడు వేఱొక సందేహము కలుగుచున్నది. ఊరంతటి గండికి కోడలినే యేల యడుగవలెను? నేటి కఱవు గండిలోనికి మనము దింపుచున్న దెవరిని? నీరు తెచ్చునది ఆడుది. గింజ చాలనినాడు కడపట తినునది, తినక పండుకొనునది ఆడుది. తమ్ముని చూచుకొనుటకు బడి మానునది ఆడుపిల్ల. నీటికడవ దూరమైనకొలది చదువు దూరమగును. చదువు దూరమైన పిల్లకు పెండ్లి దగ్గఱగును. ఇది త్యాగమని మనము పొగడుచుండగా గండి మాత్రము పూడుట లేదు.

ఇంకొక సంగతి. పల్లెపట్టున పనిచేయు స్త్రీలలో నలుగురిలో ముగ్గురు సేద్యపు పనియే చేయుచున్నారు. కాని 2015-16 నాటి వ్యవసాయ గణన ప్రకారము, దేశమున సాగుభూముల కమతములు నూటికి 14 మాత్రమే స్త్రీల పేర నున్నవి. పట్టాలో పేరు లేనివానికి రైతని పేరు లేదు. రైతని పేరు లేనిచో బ్యాంకు అప్పు, పైరు బీమా, నష్టపరిహారము చేతికి రావు. మా పల్లెలో నొకామె భర్త పోయినపిమ్మట రెండేండ్లు కార్యాలయముల మెట్లెక్కి దిగుచున్నది. దున్నునది ఆమె, కాగితములో నున్నది పోయిన మామగారి పేరు. ఆస్తిలో కూతురికి కొడుకుతో సమమైన హక్కును ఆంధ్రప్రదేశమున 1986 నాటి శాసనమును, దేశమంతటికి 2005 నాటి శాసనమును ఇచ్చినవి. చట్టము ఇచ్చినదానిని అడుగుటకు మనకు సిగ్గేల? పసుపుకుంకుమలక్రింద ఇచ్చు చీరకంటె, పట్టాదారు పుస్తకములో ఒక పేరు కూతురికి మేలైన కానుక.

ఇట్లు చెప్పి మిమ్ము నిరాశపఱచుట నా యుద్దేశము కాదు. ఆడువారు పూనుకొన్న చోట నేల తేరుకొనుటయు కలదు. సంగారెడ్డి జిల్లా జహీరాబాదు ప్రాంతమున పస్తాపురమున 1983లో పుట్టిన దక్కను అభివృద్ధి సంఘమునందు, నిరుపేదలైన దళిత స్త్రీలు బీడుపడిన చేలను బాగుచేసికొని, ఒక్క చేనిలో పలురకముల పైరులు కలిపి వేయుచు, విత్తనములను బూడిదతోను వేపాకుతోను బుట్టలలో దాచి, ఒకరికొకరు బదులిచ్చుకొనిరి. ఏటేట సంక్రాంతి వేళ ఎడ్లబండ్లమీద ఆ విత్తనములను ఊరూర త్రిప్పి పాతపంటల జాతర చేసిరి. 2019లో వారికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఈక్వేటర్ బహుమతి నొసగినది. మాసీమలోనే చెన్నేకొత్తపల్లి ప్రాంతమున 1990లో నెలకొన్న టింబక్టు కలెక్టివ్ వారి తోడ్పాటున స్త్రీలు పొదుపుసంఘములు పెట్టుకొని వడ్డీవ్యాపారి గడప త్రొక్కుట మానిరి. బోడికొండలను నఱుకక, కాల్చక కాపాడుకొనగా మఱల గడ్డియు చెట్టును మొలిచినవి. తెలంగాణమున 2015లో మిషన్ కాకతీయ యను పేర పాతచెఱువుల పూడిక తీయుట ఆరంభించి, ఆ నల్లని మట్టిని చేలకు తోలించిరి. కూలికి వలసపోకుండ ఊరిలోనే నూఱుదినముల పని కల్పింతుమన్న ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2న మొదట ఆరంభమైనదియు మా అనంతపురపు బండ్లపల్లెలోనే. ఆ పనులలో త్రవ్విన నీటిగుంటలు కొన్ని చేలకు నేటికిని ఆదరువు.

ఇక ఇంటిలో గూర్చుండు మనవంటివారము ఏమి చేయగలము? నాకు తోచినవి చెప్పెదను.

మొదటిది, వంట. కిలో బియ్యము పండుటకు వేలకొలది లీటర్ల నీరు కావలెను. 1983లో రెండురూపాయలకు కిలో బియ్యము వచ్చినపిమ్మట పేదల ఆకలి తీఱినది, అది గొప్పమేలే. దానితోకూడ జొన్నరొట్టెయు సంకటియు చిన్నతనమనిపించుకొని మూల బడినవి. రైతు చిరుధాన్యము పండింపవలెనన్న, కొనువారు మనమే కావలెను. వారమునకు రెండు పూటలైనను కొఱ్ఱన్నము వండుడు. కొఱ్ఱలను రెండుమూడు గంటలు నానబెట్టి, పాలు ఒకటికి నీరు రెండున్నర పోసి, సన్నని సెగను ఉడికించి, దింపినపిమ్మట పదినిమిషములు మూత తీయక యుంచినచో పొడిపొడిగా నుండును. పప్పుచారుతో పిల్లలు మాఱుమాట లేక తిందురు.

రెండవది, వాన. చదరపు మీటరు నేలమీద ఒక మిల్లీమీటరు వాన కురిసిన ఒక లీటరు నీరగును. ఇరువది అడుగుల వెడల్పు, ముప్పది అడుగుల పొడవు గల మిద్దెమీద మావంటి ఎండుసీమలోనే ఏడాదికి ముప్పదివేల లీటర్ల నీరు పడును. ఐదవవంతు పోయినను ఇరువదినాలుగువేలు మిగులును. త్రాగుటకును వంటకును దినమునకు నలుబది లీటర్లు చొప్పున అది 600 దినములకు సరిపోవు లెక్క. ఈ లెక్క నాకు నేర్పినది ఆ పాలామె కూతురే. మావారు బడిలో ఇచ్చిన లెక్కను మా వాకిట బొగ్గుతో వేసి చూపినది. అంతటి తొట్టి కట్టింపలేకపోయినను, మిద్దెనీటిని గొట్టముతో ఒక గుంటలోనికి ఇంకింపుడు. బియ్యము కడిగిన నీరు మొక్కకు పోయుడు.

మూడవది, విత్తు. పెరటిలో పండిన ప్రతిపాదునుండి ఒక కాయను ముదురనిచ్చి గింజ దాచుడు. మన అమ్మమ్మలు దొంతికుండలలో దాచినది గింజలను మాత్రమే కాదు, మఱు సంవత్సరమును.

నాలుగవది, మాట. ఇది నే నోడిపోయిన చోటు కావున గట్టిగా చెప్పుచున్నాను. మీ యింటికి పాలు, కూరలు తెచ్చువారిని, పనికి వచ్చువారిని, "ఈయేడు ఊరు విడుతురా? పిల్లల చదువు మాటేమి?" అని ముందుగానే యడుగుడు. ఆడుపిల్లలు వసతితో చదువుకొనుటకు కస్తూరిబా గాంధీ బాలికా విద్యాలయములు 2004 నుండి యేర్పడియున్నవి. ఈ సంగతి నేను ఎఱుగుదును. బడిపంతులు భార్యను, ఎఱుగకేమి? కాని ఆ సాయంకాలము ఆమె నా గడపలో నిలిచినపుడు నాకు తోచలేదు. నా యింటి మర్యాదను గూర్చి చింతించుటతోనే నా బుద్ధి సరిపోయినది. రేపు అను మాట కఱవుకాలమున ధనవంతుల మాట. బండి తెల్లవాఱకముందే వచ్చును.

మొన్న అత్తగారివద్ద మేస్త్రీ ఫోను నంబరు తీసికొని మాటలాడితిని. సగము కట్టిన మేడక్రింద రేకులగుడిసెలో నున్నారట. అచ్చట కుళాయిలో నీరు పుష్కలముగా వచ్చుచున్నదని ఆమె మొదట చెప్పినది. అదియే ఆమెకు భాగ్యముగా తోచినది. పిల్లను పంపుమంటిని. "ఈ నెల కూలి రానీ అమ్మా, దీపావళికి తోలుకొస్తా" అనినది. వెనుక పిల్ల గొంతు వినబడి, ఫోను ఇప్పింపుమంటిని. "అయ్యోరమ్మా, నా లెక్కల పుస్తకం బడికాడ ఇచ్చేసినారా?" అని అడిగినది. ఇయ్యలేదని చెప్పితిని.

మా నడింట నొక మంచము వేయించితిని. పుస్తకముల సంచి గూటిలోనే యున్నది. ఆ పిల్ల వచ్చినదో లేదో వచ్చు సంచికలో తెలిపెదను. బాకీపడిన పిండివంటలను గూడ అప్పుడే వ్రాసెదను. ఈలోపల మీ ఊరినుండి ఎవరు వెడలిపోవుచున్నారో ఒకమాఱు వీధివాకిటికి వచ్చి చూడుడు.